బయానా తిరిగిచ్చే హక్కు

రెండు మూడు వందల ఏళ్ళ కిందట కోరమాండల్ తీరంలో బట్ట బేరం ఇలా సాగేది. వర్తకుడి మనిషి సాలె ఇంటికి వచ్చి ముందుగా కొంత డబ్బు చేతిలో పెడతాడు. ఆ డబ్బుతోనే సాలె నూలు కొనుక్కుంటాడు, నేత పూర్తయ్యేదాకా ఇల్లు గడుపుకుంటాడు. గడువు నాటికి ఒప్పుకున్న పొడవు వెడల్పుల్లో, ఒప్పుకున్న పుంజాల్లో బట్ట అప్పగిస్తాడు. పుంజాలంటే పడుగులో పోగుల లెక్క. పుంజాలు పెరిగేకొద్దీ బట్ట సన్నబడుతుంది, ధర పెరుగుతుంది. ఇంతవరకూ విశేషం లేదు. విశేషమంతా ఒక్క షరతులో ఉంది. మధ్యలో ఇంకెవరైనా మెరుగైన ధర ఇస్తామంటే, సాలె తీసుకున్న బయానా తిరిగిచ్చేసి బేరం వదులుకోవచ్చు. వర్తకుడికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. ధర పడిపోయినా, ఓడ రాకపోయినా, మాట ఇచ్చాక బట్ట తీసుకోవాల్సిందే.

ఇది ఏ రాజో శాసనం వేయించి పెట్టిన నియమం కాదు, వాడుక. దాని వెనక ఉన్న బలం మగ్గమే. పొలాన్ని ఎత్తుకుపోలేం గానీ మగ్గాన్ని విప్పి బండిలో వేసుకోవచ్చు. పన్నులు ఎక్కువైతే, గుమస్తా చెయ్యి చేసుకుంటే, సాలెపేట మొత్తం రాత్రికి రాత్రి పక్క రాజ్యానికి తరలిపోయేది. అక్కడి పాలకుడు సంతోషంగా ఇళ్ళస్థలాలు ఇచ్చి, కొన్నేళ్ళు పన్ను మాఫీ చేసి దించుకునేవాడు.

వర్తకం సమాజాలను మార్చిందని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. ఓడలు వచ్చాయి, పట్టణాలు పెరిగాయి, భాషలూ మతాలూ కలిశాయి అంటాయి. అబద్ధమేమీ లేదు. కానీ ఒకే బట్ట ఒక ఊరిని పట్టణం చేసి, ఇంకో ద్వీపాన్ని వల్లకాడు చేసి, మరో దేశంలో చట్టసభనే కదిలించింది. సరుకు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడ పుట్టింది? బేరం నచ్చకపోతే లేచి వెళ్ళిపోయే వీలు ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది చూస్తే చాలావరకు జవాబు దొరుకుతుంది. తెలుగు తీరం నుంచి బయల్దేరిన నూలు బట్ట వెంట వెళ్తే ఆ సంగతి బాగా తెలుస్తుంది.

ఈ బట్ట కథ చాలా పాతది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో గ్రీకు నావికుడెవరో రాసిన పెరిప్లస్ అనే సముద్రయాన గ్రంథం మసాలియా తీరంలో సన్నని నూలు బట్ట విస్తారంగా తయారవుతుందని చెబుతుంది. కృష్ణా ముఖద్వారం చుట్టుపక్కల ప్రాంతమే మసాలియా. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాపల ఓడ బొమ్మ ఉంది. ఘంటసాల శాసనంలో శివకుడనే మహానావికుడి పేరు కనిపిస్తుంది. అమరావతి స్తూపానికి రాళ్ళు ఇచ్చినవాళ్ళలో వర్తకులూ వాళ్ళ ఇంటి ఆడవాళ్ళూ ఉన్నారు. అయితే ఆ కాలపు బేరసారాల లోపలి సంగతులు మన దాకా రాలేదు. అవి స్పష్టంగా కనిపించేది మోటుపల్లిలో.

బాపట్ల తీరంలోని మోటుపల్లి ఇప్పుడు చిన్న పల్లె. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. దాని సారాంశం ఇది. పూర్వపు రాజులు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ తుఫానుకు దారి తప్పి, పగిలి, తమ రేవుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్ళు. ప్రాణం కంటే ధనమే గొప్పదనుకుని సముద్రం మీదికి సాహసించి వచ్చేవాళ్ళ మీద దయతోనూ, కీర్తి కోసం, ధర్మం కోసమూ మేం నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వదిలేస్తున్నాం. ఆ సుంకం ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒకటి. గంధపు చెక్క, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, పోకలు అంటూ సరుకుల వారీగా లెక్క కూడా ఉంది.

దయ, కీర్తి, ధర్మం అన్నమాటల్ని కాదనక్కర్లేదు. కానీ ఓరుగల్లు కోటలో ఉన్న రాజుకు గుర్రాలు కావాలి, గుర్రాలు సముద్రం మీదే రావాలి. ఓడవాడికి తూర్పు తీరం పొడుగునా ఎన్నో రేవులున్నాయి, ఒకచోట దోపిడీ జరిగితే ఇంకోచోట లంగరు వేస్తాడు. రాజు చేత ఆ అభయం ఇప్పించింది ఓడవాడికి ఉన్న ఆ స్వేచ్ఛే. కాకతీయులు పోయాక 1358లో అనపోతారెడ్డి అదే ఊళ్ళో ఇంకో శాసనం వేయించాడు. అందులో వర్తకుల సరుకు ఎవరికి కావాలంటే వాళ్ళకు అమ్ముకోవచ్చన్నాడు, వెళ్ళిపోవాలంటే అడ్డుపడమన్నాడు, వారసులు లేకుండా పోయినవాళ్ళ ఆస్తిని రాజు కలుపుకునే పద్ధతినీ ఎత్తేశాడు. వందేళ్ళ తేడాతో రెండు వంశాలు ఒకే రేవులో ఒకే రకం మాట ఇచ్చాయి.

రుద్రమదేవి కాలపు సంగతులు చెబుతూ మార్కో పోలో ఈ రేవును ముత్ఫిలి అన్నాడు. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందనీ, ఏ రాజైనా రాణి అయినా కట్టుకోవడానికి సంతోషపడతారనీ రాశాడు. వజ్రాల గురించి విన్న కట్టుకథల్నీ అంతే నమ్మకంగా రాశాడు గానీ, బట్ట గురించిన మాట మాత్రం కట్టుకథ కాదు.

ఆ తర్వాత ప్రాముఖ్యం మచిలీపట్నానికి మారింది. గోల్కొండ కుతుబ్‌షాహీలకు సముద్రం మీదికి తలుపు అదే. ఊరిని ఇప్పటికీ బందరు అనే పిలుస్తారు, పారసీలో బందరంటే రేవు. అంటే లడ్డూకు తగిలించిన పేరు కూడా ఇరాన్ నుంచి దిగుమతైనదే. ఆ రేవు నుంచి పారసీక వర్తకుల ఓడలు ఎర్రసముద్రపు మోఖాకీ, ఇటు బర్మాలోని పెగూకీ, సుమత్రాలోని అచేకీ నడిచేవి. డచ్చివాళ్ళు 1605–06లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో ఇక్కడికి వచ్చారు. వచ్చినప్పుడు వాళ్ళు ఈ సముద్రంలో చాలామందిలో ఒకరు మాత్రమే, యజమానులు కారు.

ఇంతమంది ఎగబడేటంత గొప్పేముంది ఆ బట్టలో? ముఖ్యంగా రంగు. ఉతికినా పోని రంగు. నూలుకు రంగు పట్టించడం ఉన్నిలా తేలిక కాదు. ముందు కోరాబట్టను పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండేసి తెల్లబరచాలి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు వల్ల వేసిన గీత పక్కకు పాకదు. నల్లగీతకు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన కసిం వాడతారు. ఆ కుండ మూత తీసినప్పుడు వచ్చే పుల్లటి వాసన బందరు పక్కనున్న పెడనలో అద్దకం పనిచేసేవాళ్ళకు ఇవాళ్టికీ తెలుసు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. అప్పుడు అక్కడ ఏ రంగూ కనిపించదు. బట్టను చిరివేరు అనే ఎర్రరంగు వేరు వేసిన కాగులో ఉడికిస్తే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు కరుచుకుంటుంది, మిగతా చోట్ల పారే నీళ్ళలో కొట్టుకుపోతుంది.

చిరివేరు తీరమంతా దొరికేదే. అయినా యూరోపియన్లు పెటపోలి అని రాసుకున్న నిజాంపట్నం పరిసరాల వేరుకు ఉన్న పేరు వేరు. గుల్లలూ చిప్పలూ అరిగి కలిసిన ఆ ఇసుకలో సున్నం పాలు ఎక్కువ, దానివల్ల ఎరుపు గాఢంగా దిగేది. ఆ వేరు కోసం కంపెనీలు పోటీలు పడ్డాయి. ఒక ఇసుక దిబ్బ మీద మొలిచిన సన్నని వేరు జావా రాజు నడుముకూ, ఆమ్‌స్టర్‌డామ్ గృహిణి కిటికీకీ రంగు ఇచ్చేది. వర్తకం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

డచ్చివాళ్ళు ఈ తీరానికి వచ్చింది బట్ట మీద మోజుతో కాదు, మసాలా దినుసుల కోసం. లవంగాలు, జాజికాయ, జాపత్రి పండేది ఇప్పటి ఇండోనేషియాలోని మొలక్కా, బండా ద్వీపాల్లో. అక్కడివాళ్ళకు యూరప్ సరుకు అక్కర్లేదు. ఉడికించే ఎండలో ఉన్ని కోట్లు, ముఖమల్ ఏం చేసుకుంటారు? వాళ్ళకు కావలసింది బియ్యం, భారతీయ నూలు బట్ట. అక్కడ బట్ట కట్టుకునే వస్తువు మాత్రమే కాదు. సులవేసి కొండల్లోని తొరాజాలు భారతీయ అచ్చు బట్టలను తరతరాలుగా ఇంటి దేవతల్లా దాచుకుని పూజల్లో బయటికి తీసేవాళ్ళు. సయాం రాజాస్థానం తమ హోదాలకు తగిన నమూనాలు పంపి ఇక్కడ ప్రత్యేకంగా అద్దించుకునేది. 1612లో డచ్చి అధికారి హెండ్రిక్ బ్రౌవర్ కోరమాండల్ తీరం మొలక్కా ద్వీపాలకు ఎడమ చెయ్యి వంటిదని రాశాడు. ఇక్కడి బట్ట లేకపోతే అక్కడ వ్యాపారం చచ్చినట్టే అన్నది అతని భావం.

ఆ ద్వీపాల్లో జరిగింది మాత్రం మోటుపల్లికి సరిగ్గా ఎదురు. బండాలో రాజు లేడు, ఓరాంగ్ కాయ అనే పెద్దలు ఊరూరా పెత్తనం చేసేవాళ్ళు. వాళ్ళు జావా వర్తకులకూ మలే వర్తకులకూ ఇంగ్లీషువాళ్ళకూ, ఎవరు మంచి ధర ఇస్తే వాళ్ళకు జాజికాయ అమ్ముకునేవాళ్ళు. డచ్చి కంపెనీ మాకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదని కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంది. ధరేమో తక్కువ, తెచ్చే బియ్యమూ బట్టా చాలవు. దీవివాళ్ళు పాత పద్ధతిలోనే అందరికీ అమ్మారు. కంపెనీ దాన్ని ఒప్పంద ద్రోహం అంది. 1621లో గవర్నర్ జనరల్ యాన్ పీటర్స్‌జోన్ కూన్ దండెత్తి వచ్చాడు. మే నెలలో 44 మంది పెద్దలను జపాన్ కిరాయి సైనికుల చేత నరికించాడు. దాదాపు 15,000 మంది ఉన్న ద్వీపాల్లో చివరికి వెయ్యి మందైనా మిగల్లేదని అంచనా. కొందరు యుద్ధంలో, చాలామంది కొండల్లో ఆకలితో పోయారు, ఇంకొందరిని బానిసలుగా బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు తోలారు. ఖాళీ అయిన జాజితోటలను ముక్కలు చేసి డచ్చి తోటదారులకు పంచారు, పని చేయడానికి వేరే చోట్ల నుంచి బానిసలను దించారు. కరువు సంవత్సరాల్లో పులికాట్ రేవు నుంచి కూడా డచ్చివాళ్ళు మనుషుల్ని కొని ఓడలెక్కించారు.

ఒకే తరంలో, ఒకే కంపెనీ. బందరులో గోల్కొండ హవల్దారుకు కానుకలిచ్చి, దళారులతో గీచిగీచి బేరమాడిన మనుషులే బండాలో ఊళ్ళు తగలబెట్టారు. మనసులో తేడా లేదు. గోల్కొండకు సైన్యం ఉంది, సాలెకు వేరే కొనుగోలుదారులున్నారు. బండాకు ఆ రెండూ లేకుండా చేయగలిగారు.

మద్రాసు పుట్టుకలోనూ ఇదే కనిపిస్తుంది. బందరులో సుంకాలూ అధికారుల వేధింపులూ పడలేక ఇంగ్లీషువాళ్ళు 1626లో దుర్గరాజపట్నం పోయారు. అక్కడా కుదరక, 1639లో దామెర్ల నాయకుల దగ్గర సముద్రం ఒడ్డున ఒక ఇసుక పర్ర కౌలుకు తీసుకున్నారు. ఓడ నిలిచే రేవు కూడా లేని ఆ చోటును ఎంచుకోవడానికి పెద్ద కారణం ఆ చుట్టుపక్కల బట్ట చవగ్గా దొరకడం. తర్వాత బేరి తిమ్మన్న, కాసి వీరన్న వంటి తెలుగు వర్తకులు కంపెనీకి బట్ట సరఫరా చేసి పట్టణంలో కోటీశ్వరులయ్యారు. కొత్త డబ్బు పాత తగవుల్ని చల్లార్చలేదు, ఇంకా పెంచింది. కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అని చీలిన వర్తకులూ చేతిపనివాళ్ళూ ఏ వీధిలో ఎవరి ఊరేగింపు పోవాలన్న దాని మీద కొట్టుకున్నారు. 1707లో ఈ గొడవ ముదిరి ఒక వర్గం ఊరు వదిలి శాంథోమ్‌కు పోతే కంపెనీ వ్యాపారం స్తంభించింది. 1730ల్లో నేతవాళ్ళ కోసం ప్రత్యేకంగా కట్టించిన చింతాద్రిపేట పేరు చిన్న తరి పేట నుంచి వచ్చిందంటారు. తమిళంలో తరి అంటే మగ్గం.

ఇక లండన్. పదిహేడో శతాబ్దం చివరికి భారతీయ అచ్చు బట్ట ఇంగ్లండు ఇళ్ళల్లోకి దూసుకెళ్ళింది. అంతకుముందు రంగురంగుల పూల బట్ట అంటే పట్టు, అంటే పెద్దింటివాళ్ళది. ఇప్పుడు ఇంటి పనిమనిషి కూడా పూల గౌను తొడుక్కోగలుగుతుంది, అదీ ఉతికితే రంగు పోనిది. ఎవరు యజమానురాలో ఎవరు పనిమనిషో దూరం నుంచి తెలియడం లేదని కొందరు పెద్దమనుషులు వాపోయారు. నేతవాళ్ళ గోడు వేరు, వాళ్ళది తిండి సమస్య. 1697లో వాళ్ళు ఈస్టిండియా కంపెనీ కార్యాలయం మీద పడ్డారు. 1700లో పార్లమెంటు ఆసియా నుంచి వచ్చే అచ్చు బట్టను దేశంలో వాడకూడదని చట్టం చేసింది, గిడ్డంగుల్లో పెట్టి ఇతర దేశాలకు తిరిగి పంపుకోవచ్చంది. ఫ్రాన్స్ అంతకుముందే, 1686లో నిషేధించింది.

తెల్లబట్ట దిగుమతికి అడ్డు లేదు కాబట్టి లండన్ వ్యాపారులు దాన్ని తెచ్చి అక్కడే అచ్చులు వేయడం మొదలుపెట్టారు. 1719 వేసవిలో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ నేతవాళ్ళు వేలల్లో వీధుల్లోకి వచ్చి, కాలికో అనే నూలు బట్ట గౌను తొడుక్కున్న ఆడవాళ్ళను పట్టుకుని బట్టలు చింపారు, సిరా చల్లారు, కొన్నిచోట్ల ఆమ్లం కూడా చల్లారు. వాళ్ళ ఆకలి నిజమే. దాని కోపం మాత్రం కంపెనీ వాటాదారుల మీద కాక, బజారులో నడిచిపోతున్న ఆడమనిషి మీద పడింది. 1721 చట్టం అచ్చు నూలు బట్ట కట్టుకోవడాన్నే నేరం చేసింది, కట్టుకున్నవాళ్ళకు అయిదు పౌన్ల జరిమానా. 1774లో ఇంగ్లండులోనే నేసిన నూలు బట్టకు ఈ నిషేధం తీసేశారు. ఆ మధ్య యాభై ఏళ్ళలో లాంకషైర్ నూలు పని నేర్చుకుంది.

నేర్చుకోవడంలో మన తీరం పాత్ర కూడా ఉంది. ఫ్రెంచి జెసూట్ పాద్రీ కర్దూ 1742లో అద్దకం పని అంచెలంచెలుగా వివరిస్తూ ఫ్రాన్సుకు ఉత్తరం రాశాడు. పాలు, కరక్కాయ, పటిక, వేరు అన్నీ అందులో ఉన్నాయి. ఆ గుట్టు చెప్పింది అతని దగ్గర మతం మారిన అద్దకపువాళ్ళు. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చినవాడూ ఈయనే. భాష మీది ప్రేమా, పారిశ్రామిక గూఢచర్యమూ ఒకే కలం నుంచి సాగాయి.

ఇతర దేశాలకు తిరిగి పంపుకోవచ్చని 1700 చట్టం ఇచ్చిన ఆ వెసులుబాటులో ఇంకో చీకటి సంగతి ఉంది. లండన్ గిడ్డంగుల్లోని భారతీయ బట్టలో పెద్ద భాగం పశ్చిమ ఆఫ్రికాకు పోయింది. బానిసల్ని కొనడానికి ఓడలు తీసుకెళ్ళిన సరుకుల్లో బట్టే ముఖ్యం, అందులో భారతీయ బట్టది పెద్ద వాటా. గినీ బట్ట అన్న పేరే అలా వచ్చింది. పాండిచ్చేరి నుంచి పోయిన నీలిబట్ట సెనెగల్ నది వెంట డబ్బులాగా చెలామణి అయింది, తుమ్మజిగురు ధరను అక్కడ బట్టల లెక్కన చెప్పుకునేవాళ్ళు. ఆఫ్రికా తీరపు వర్తకులు మహా గడుసువాళ్ళు. రంగు ఏ మాత్రం తేడా వచ్చినా, అంచు నప్పకపోయినా వద్దనేవాళ్ళు, యూరప్‌లో చేసిన నకళ్ళను చాలాకాలం తిప్పికొట్టారు. అంటే అక్కడా బేరం వదులుకునే హక్కు ఉంది. కాకపోతే ఆ హక్కు అమ్మేవాడిదీ కొనేవాడిదీ, సంకెళ్ళలో ఉన్న సరుకుది కాదు. ఇక్కడి సాలెకు తన బట్ట చివరికి దేనికి మారకమైందో తెలిసే అవకాశం లేదు.

ఇక మళ్ళీ మగ్గం దగ్గరికి. సాలె బలానికి మూలం కొనేవాళ్ళు పలువురు ఉండడం. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివాళ్ళ నుంచి పట్టుకున్నాడు. 1765–66లో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. డచ్చివాళ్ళ వ్యాపారమూ ఆ శతాబ్దం చివరికి నీరుగారింది. ఇప్పుడు కొనుగోలుదారుడు, పన్ను వసూలుదారుడు, న్యాయాధికారి అన్నీ కంపెనీయే. పక్క రాజ్యానికి పోదామంటే పక్కదీ కంపెనీదే. బయానా తీసుకున్న సాలె ఇంకెవరికీ నేయకూడదని నిబంధనలు వచ్చాయి. బట్ట ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతును కూర్చోబెట్టేవాళ్ళు, అతని బత్తెం కూడా సాలె మీదే. బట్ట బాగాలేదని తీసిపారేస్తే ఆ డబ్బు బాకీగా మారి వచ్చే ఏటి లెక్కలోకి ఎక్కేది. పైన మగ్గం మీద మొహతర్ఫా పన్ను. తిరిగిచ్చేసి తప్పుకోగలిగిన బయానా కాస్తా తీర్చలేని అప్పుగా మారింది. మార్పంతా ఆ ఒక్క మాటలో జరిగిపోయింది.

సాలెలు ఊరుకోలేదు. 1798లో గోదావరి ప్రాంతంలో, 1816లో విశాఖపట్నం ప్రాంతంలో గుమస్తాల మీదా మధ్యవర్తుల మీదా కట్టుగా నిలబడ్డారు, మగ్గాలు ఆపారు, అర్జీలు పెట్టారు. కొన్ని ఉపశమనాలు దొరికాయి. ఈలోగా కంపెనీకి బట్టే అక్కర్లేకుండా పోయింది. 1813లో దాని గుత్తాధిపత్యం పోయి మాంచెస్టర్ సరుకు మన రేవుల్లోకి దిగింది, 1833 చట్టంతో కంపెనీ వ్యాపారం పూర్తిగా ఆగిపోయింది. తన్ని కొనేవాడు పోయి, అసలు కొనేవాడే లేని కాలం వచ్చింది.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ నేతవాళ్ళ దగ్గరే ఆగిపోతారు. నిజానికి మొదటి దెబ్బ తగిలింది రాట్నానికి. ఒక మగ్గానికి సరిపడా నూలు అందాలంటే నలుగురైదుగురు వడకాలి. ఆ వడికేది ఆడవాళ్ళు, అన్ని కులాల ఆడవాళ్ళు, విధవలు, ముసలివాళ్ళు. సంతలో నూలు అమ్ముకుంటే వచ్చే కాసులు వాళ్ళ సొంతం. మిల్లు నూలు వచ్చాక సాలె ఆ నూలుతోనే నేసి ఎలాగో నిలబడ్డాడు, వడికేవాళ్ళు మాత్రం ఒకటి రెండు తరాల్లో మాయమయ్యారు. వాళ్ళకు బయానా లేదు, సంఘం లేదు, అర్జీ పెట్టడానికి కచేరీ లేదు. అలాగే లంబాడీలు. నాగపూరు, బీరారు నుంచి ఎద్దుల మీద పత్తి తెచ్చి తీరం నుంచి ఉప్పు తీసుకుపోయేవాళ్ళు. 1805లో మద్రాసులో ఉప్పు ప్రభుత్వ గుత్తాధిపత్యమయింది, పత్తికి గిరాకీ పడిపోయింది, తర్వాత రోడ్లూ రైళ్ళూ వచ్చాయి. తరతరాలుగా దేశాన్ని మోసిన జనాన్ని ఇంగ్లీషు ప్రభుత్వం చివరికి నేరస్థ జాతుల జాబితాలోకి ఎక్కించింది.

నరసాపురం పక్కన మాధవాయపాలెం అనే ఊళ్ళో ఇంగ్లీషువాళ్ళకు ఒకప్పుడు ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి సన్నని తెల్లబట్టను వాళ్ళు మడపోలం అన్నారు. తర్వాత మాంచెస్టర్ మిల్లులు అదే రకం బట్ట నేసి అదే పేరుతో అమ్మాయి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ నడిపిన మస్కిటో విమానం చెక్కతో చేసింది, దాని ఒంటికి మడపోలం గుడ్డ అంటించి పైన పూత పూసేవాళ్ళు. గోదావరి పాయ ఒడ్డున ఒక ఊరి పేరు అలా జర్మనీ మీద ఎగిరింది, ఆ ఊరివాళ్ళకు దానితో ఏ సంబంధమూ లేకుండానే.

బందరు సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు, అప్పటికే వాణిజ్యం మద్రాసుకూ కాకినాడకూ తరలిపోతోంది. అద్దకం పక్కనున్న పెడనలో మిగిలింది. చిరివేరు స్థానంలో చాలాచోట్ల రసాయనపు ఎరుపు వచ్చింది, టేకు అచ్చులూ కరక్కాయా మాత్రం ఉన్నాయి.

నేత ఊళ్ళల్లో ఇప్పుడు బయానా ఇచ్చేది మాస్టర్ వీవర్. పట్టు, జరీ, నమూనా అన్నీ ఆయనే ఇస్తాడు, చీర దించాక మజూరీ కట్టిస్తాడు. ఇంట్లో పెళ్ళికో ఆసుపత్రికో కావలసిన డబ్బు కూడా ఆయన దగ్గరే తీసుకుంటారు, అది పుస్తకంలో బాకీగా నిలుస్తుంది. నేతగాడు ఇంకో మాస్టర్ వీవర్ దగ్గరికి మారాలంటే ముందు ఆ బాకీ తీర్చాలి. సాధారణంగా కొత్తాయనే పాతాయనకు కట్టేస్తాడు, ఆ అంకె కొత్త పుస్తకంలోకి ఎక్కుతుంది.